చావు కబురు ఎవరు మోయాలి

నర్సీపట్నం,
మంగళవారం.

తమ్ముడు దానియేలుకు అన్న యోహాను ప్రేమతో రాయునది. దేవుని దయవలన నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, మరదలు సుగుణ, పిల్లలిద్దరూ బాగున్నారని తలుస్తాను. చిన్నదాని దగ్గు తగ్గిందా? మిరియాల కషాయం మానొద్దు.

నా గురించి బెంగ పెట్టుకోవద్దు. కాలేజీ గేటు దగ్గర కాపలా పెద్ద కష్టమైన పని కాదు. వేళకు గంట కొడతాను. కుర్రాళ్లు సైకిళ్లు అడ్డదిడ్డంగా పడేస్తే సర్దుతాను. హాస్టల్లో అన్నం పెడుతున్నారు. పప్పు మాత్రం నీళ్లు. ఎవరైనా ఇటు వచ్చేటప్పుడు సుగుణను కాసిని ఎండు నెత్తళ్ల చేపలు పంపమను. ఎండలు మండిపోతున్నాయి. సాయంత్రానికి ఏజెన్సీ కొండల మీద నల్లగా మబ్బు కమ్ముతుంది గాని చినుకు పడదు. సంత రోజున కొండవాళ్లు చీపుళ్లు, చింతపండు దించుకుని మా గోడ నీడలో కూర్చుంటారు. ఆ రోజు నాలుగు మాటలు ఆడతాను. మిగతా రోజుల్లో మాటే లేదు. అలవాటైపోయింది. బాగానే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. నిదానంగా చదువు. సుగుణకు కూడా చదివి వినిపించు.

ఇక్కడ కరుణ మేడం గారని ఒకావిడ సమాజశాస్త్రం చెబుతారు. చిన్న వయసు. నన్ను తాతా అంటారు. ఒకరోజు మన పేట గురించి అడిగితే చావు కబురు సంగతి చెప్పాను. మర్నాడు క్లాసులోకి రమ్మన్నారు. అంతమంది పిల్లల ముందు ఎలాగో చెప్పాను. ఊళ్లో భూములున్న పెద్దింట్లో ఎవరైనా పోతే మన పేట మనిషి చుట్టాల ఊళ్లకు నడిచి వెళ్లాలి, గుమ్మం బయట తుండు తీసి చేత పట్టుకుని నిలబడి ఆ మాట చెప్పాలి, అది విన్నాకే వాళ్లు కదులుతారు అని. ముందు నాన్న, తర్వాత నేను, నా తర్వాత నువ్వు నడిచావని చెప్పాను. పోయినసారి వాళ్లు భోజనాలు ముగించేదాకా నిన్ను ఎండలో నిలబెట్టారనీ, అప్పటినుంచి నువ్వు మానేశావనీ చెప్పాను.

మేడం గారు బోర్డు మీద ఏవో వాదాలు అని పేర్లు రాశారు. నాకు నోరు తిరగలేదు. సమాజం ఒళ్లు లాంటిదని కొందరు పెద్దలు అంటారట. కాలి పని కాలిది, చేతి పని చేతిది. కబురు మోసేవాడు ఊరికీ ఊరికీ నడుమ నరం లాంటివాడట. ఆ మాట నాకు బాగుంది. ఇన్నాళ్లు నడిచింది ఊరికే పోలేదనిపించింది.

అంతలోనే ఆవిడ, “మరి తాతా, మీ పేటలో ఎవరైనా పోతే పెద్దింటివాళ్లు ఎప్పుడైనా కబురు మోశారా?” అన్నారు. లేదమ్మా అన్నాను. ఇంకొందరు పెద్దలు దాన్నే పట్టుకుంటారట. ఎవరు నడుస్తున్నారు, ఎవరి కోసం నడుస్తున్నారు, ఎవరిది పైచెయ్యి అని.

ఒక పిల్ల లేచి, “ఫోను బూత్ వచ్చేసింది గదా మేడం, ఇంకా నడవడం ఎందుకు?” అంది. మేడం గారు అదీ చెప్పారు. మూడో రకం వాళ్లు పెద్ద విషయాలు వదిలేసి చిన్నవి చూస్తారట. ఎవరు ఎవర్ని ఏమని పిలిచారు, ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు. కబురు ఫోనులో వెళ్తుంది, తుండు తీసిన మనిషి ఫోనులో వెళ్లడు కదా అన్నారు. ఆ మనిషి గుమ్మం ముందు నిలబడితేనే అది పెద్దిల్లట.

తమ్ముడూ, అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. నువ్వు మానేసింది నడక కాదురా.

“వీటిలో ఏది నిజమమ్మా?” అని అడిగాను.

“పరీక్షలో అయితే అన్నీ రాయాలి తాతా,” అన్నారు. పిల్లలు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. అందరూ వెళ్లాక, “మీ తమ్ముడి ఇల్లు ఊరికి ఎంత దూరం? పక్కన ఇళ్లున్నాయా?” అని అడిగారు.

పోయిన గురువారం పెద్దింటి చినబాబు గేటు దగ్గరకొచ్చాడు. నన్ను ఏనాడైనా ‘ఒరే యోనుగా’ అనే కదా పిలిచేవాడు.

“ఏటి బాబాయ్, బాగున్నావా?” అన్నాడు.

నా బల్ల మీదే, నా పక్కనే కూర్చున్నాడు. రెండు టీలు చెప్పి నాకొకటి తనే అందించాడు. ఒకే రకం గ్లాసులు.

“నాన్నగారికి బాగోలేదు. ఇంటికి తీసికెల్లిపోమన్నారు డాట్రు.”

“అయ్యో బాబూ.”

“దానియేలు రానంటన్నాడంట గదా. పోనీలే, ఆడికి రోషం. ఏదైనా అయితే నువ్వొచ్చి ఓపాలి సుట్టాలూళ్లు తిరిగెల్లు. రెండూళ్లు సాలు.”

“మోకాళ్లు, బాబూ...”

“నడవక్కర్లేదు. ఆటో పెడతాను. ఫోన్లు మేం సేసేస్తాం. నువ్వు దిగి గుమ్మంకాడ నిలబడు, అంతే.”

చినబాబు టీ తాగి లేచి నా భుజం మీద చెయ్యి వేశాడు.

“మీది ఇంకా తాటాకిల్లే గదా? ఈ ఏడు గాలి మా జోరుగా ఉంది బాబాయ్. పిల్లలు గలోల్లు. బేగి ఆలోసించు.”

నవ్వుతూనే అన్నాడు. కోపంగా అనుంటే నాకు ఇంత భయం ఉండేది కాదు.

నువ్వు పోయిన ఉత్తరంలో, ఊళ్లో అంతా మర్యాదగా ఉంటున్నారనీ, ఎవరూ ఒక్క మాట అనలేదనీ రాశావు. దుక్కికి మాత్రం మనవాళ్లను పిలవలేదు, అలిగారు కాబోలు అని వేళాకోళంగా రాశావు. అది అలక కాదు తమ్ముడూ. గడ్డివాము ఇంటికి దూరంగా తీయించు. కప్పు మీద పూటపూటా నీళ్లు చల్లు. పేటలో కుర్రాళ్లతో చెప్పు, ఒంటరిగా ఎటూ తిరగొద్దు. ఇదంతా చెబితే మేడం గారు ఇక్కడ పెద్ద పోలీసు అధికారి దగ్గరికి రేపు నన్ను తీసుకెళ్తానన్నారు. ఆవిడే మాట్లాడతారు. వాళ్లు వింటారో లేదో తెలియదు.

చినబాబు వచ్చిన దగ్గర్నుంచి, పోనీ వెళ్లి నిలబడిపోదాం అనే అనుకున్నాను. ముసలివాణ్ణి, నాకేం పోతుంది. నీ ఇల్లు మిగులుతుంది. నిన్న గంట కొట్టి వస్తుంటే ఒక్కటి తోచింది. నేను వెళ్తే నువ్వు ఎండలో నిలబడి మానేసిందంతా ఉత్తిదైపోతుంది. రేపు మళ్లీ నిన్ను పిలుస్తారు, ఆ తర్వాత నీ కొడుకును. అందుకని నేను వెళ్లను. చినబాబుకు ఆ మాట నేనే చెబుతాను. నువ్వు వాళ్లతో మాటకు మాట అనొద్దు.

ఈ ఉత్తరం మన పాస్టరు గారి బావమరిది చేతికిచ్చి పంపుతున్నాను. అందిన రోజే సుగుణనూ పిల్లల్నీ బస్సెక్కించు. సామాను వద్దు. ఏడుస్తుంది, అయినా ఎక్కించు. మేడం గారు తన ఇంట్లో ఉంచుకుంటానన్నారు.

పాస్టరు గారికి, పేటలో పెద్దలందరికీ నా వందనాలు. మన కోసం ప్రార్థించమని చెప్పు. పిల్లలకు నా ముద్దులు. దేవుడు నిన్ను కాపాడుగాక.

రేపు మధ్యాహ్నం నుంచి మన వైపు నుంచి వచ్చే ప్రతి బస్సుకూ నేను బస్టాండులో ఉంటాను. వాళ్లు దిగిన బస్సే తిరిగి మన వైపు వెళ్తుంది. అందులో నేనెక్కుతాను. నువ్వొక్కడివే ఆ ఇంట్లో ఉండొద్దు.

నీ అన్న,
యోహాను