తోలు మందం మనిషి

అమ్మలూ,

ఫోన్‌లో నువ్వు "తిన్నావా నాన్నా?" అంటావు. నేను "తిన్నాను" అంటాను. అక్కడితో మన మాటలు అయిపోతాయి. అందుకే రాస్తున్నాను. రైలింజన్‌లో కూర్చుని చదవకు. డ్యూటీ దిగాక చదువు.

సోమవారాలు ఫోన్ ఎందుకు ఎత్తవని అడిగావు. ఆ రోజు నేను ల్యాబుకు వెళ్తాను. అమ్మను తీసుకెళ్లిన జబ్బు మీద పనిచేసే ల్యాబు. నీకు గుర్తుండే ఉంటుంది, అమ్మకు మాట పడిపోకముందు వాళ్లు ఆమె చేతి మీంచి పప్పుగింజంత చర్మం తీసుకున్నారు. పోల్చి చూడటానికి జబ్బు లేని మనిషిది కూడా కావాలంటే నేనూ చెయ్యి చాపాను. "ఆయనది తోలు మందం, సూది విరుగుతుంది చూసుకోండి" అంది అమ్మ. గదిలో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇప్పుడు బస్సులో గుర్తొచ్చి నవ్వుకుంటాను. పక్కవాళ్లు జరిగి కూర్చుంటారు.

ఆ చర్మాన్ని వాళ్లు మూలకణాలుగా మార్చారు. అంటే, తాము చర్మమన్న సంగతే మరిచిపోయి మళ్లీ మొదటికొచ్చిన కణాలు. గుండె కమ్మంటే గుండె అవుతాయి, నరం కమ్మంటే నరం. ఏమీ కమ్మనకపోతే ఒకటి రెండవుతూ, రెండు నాలుగవుతూ పోతాయి. వాటికి రోజూ మేత, అంటే గులాబీరంగు ద్రవం, మార్చాలి. వాటికి ఆదివారం లేదు, సెలవు లేదు. ఆ పని చేసే అమ్మాయిని అక్కడ అందరూ ఆయమ్మ అంటారు. పెళ్లిచూపుల రోజు కూడా మేత వేసి వెళ్లిందట. "అబ్బాయి ఆగుతాడు అంకుల్, కణాలు ఆగవు" అంది.

ఆమే వాటిని చిన్న గిన్నెలో పెట్టి నాకు మైక్రోస్కోపులో చూపిస్తుంది. ఒక కణం గుండ్రంగా ఉబ్బుతుంది. నడుముకు దారం బిగించినట్టు నొక్కుకుంటుంది. చూస్తుండగానే రెండు. ఉద్యోగమంతా నక్షాలు గీసినవాణ్ని, ఊళ్లు అలా పెరగడం కాగితం మీద చూశాను. ఇది వేరు. ఇది మీ అమ్మ. ఇంట్లో చప్పుడు చేసేది నేనూ ఫ్రిజ్జూ మాత్రమే. అక్కడికి వెళ్తే ఆమె పెరుగుతూ కనబడుతుంది. ఇంటి సంగతులు చెప్పి వస్తాను.

మొన్న ఆయమ్మ అడిగింది, ఆంటీ కణాలను నాడీకణాలుగా మారుద్దామా అని. జబ్బు చంపేది వాటినే కాబట్టి, వాటిలోనే చూడాలట. తన తర్వాత నన్ను అడక్కుండా ఏమీ చెయ్యొద్దని అమ్మ వాళ్లకు ముందే చెప్పిందట. కానీ నాడీకణం ఒకసారి తయారయ్యాక ఇక రెండు కాదు. ఉన్నన్నాళ్లు ఉంటుంది, తర్వాత పోతుంది. నేను వద్దన్నాను. ఒకసారి పోయింది చాలు.

నువ్వేమంటావో రాయి.

నాన్న


అమ్మలూ,

నీ జవాబు అందింది. "అమ్మ ఒకచోట కుదురుగా కూర్చునే మనిషేనా? ఆవిణ్ని గిన్నెలో పెట్టి కాపలా కాస్తావేంటి నాన్నా?" అని రాశావు. కోపం వచ్చింది. మడిచి జేబులో పెట్టుకుని ల్యాబుకు వెళ్లాను.

నేను వద్దనే చెప్పాను. ఆయమ్మ మైక్రోస్కోపు దీపం ఆర్పేసింది. చేతి తొడుగులు విప్పేసింది.

"అంకుల్, ఇవి ఆంటీవి కావు."

"మరెవరివి?"

"మీవి."

నాకు అర్థం కాలేదు. ఆమె నేల చూస్తూ చెప్పింది. "మొదటిరోజు మీవే చూపిద్దామని పెట్టాను. చెప్పేలోపే మీరు కన్ను ఆనించి, 'ఎలా ఉన్నావే?' అన్నారు. నాకు నోరు పెగల్లేదు. వచ్చే వారం చెబుదాం, వచ్చే వారం చెబుదాం అనుకుంటూ..."

"ఇంతలా పెరుగుతున్నవి నావా?"

"మీవి మొండివి అంకుల్. ఎక్కడ వేసినా బతుకుతాయి."

తోలు మందమని మీ అమ్మ చెప్పనే చెప్పింది.

ఇన్నాళ్లూ నేను ఎవరితో మాట్లాడానో చూడు. కొళాయి కారుతోందని చెప్పాను. ఆమె కుర్చీని ఇంకా కదపలేదని చెప్పాను. నువ్వు సన్నబడ్డావని చెప్పాను. అన్నీ నాకే చెప్పుకున్నాను. ఎవరైనా వింటే పిచ్చాసుపత్రికి ఫోన్ చేసేవాళ్లు.

అమ్మవి ఎక్కడున్నాయని అడిగాను. కింది గదికి తీసుకెళ్లింది. అక్కడ స్టీలు పీపా ఒకటి ఉంది. మూత తీస్తే పొగలాంటి చలి పైకి లేచి అంచుల మీంచి కిందికి జారింది. కణాలను చిన్న గొట్టాల్లో పోసి, అందులో గడ్డకట్టించి దాస్తారు. ఇంకో పీపాలో చలి తగ్గిపోయినప్పుడు అమ్మ గొట్టాలు మిగతావన్నీ పాడైపోయాయట. ఒక్కటే మిగిలింది, చిటికెనవేలంత.

"అలాగే ఉంచితే ఏమవుతుంది?"

"ఏమీ అవదు. ఏళ్లతరబడి ఉంటుంది. పెరగదు, కదలదు."

"కరిగిస్తే?"

"కొన్నే బతుకుతాయి. అసలు బతక్కపోవచ్చు కూడా. అబద్ధం చెప్పను అంకుల్. ఇకమీదట అస్సలు చెప్పను."

ఆలోచించుకుంటానన్నాను. ఇంటికొచ్చి అమ్మ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాను.

నాన్న


అమ్మలూ,

కరిగించమన్నాను.

పెద్ద కారణమేమీ లేదు. మీ అమ్మకు చలి గిట్టదు. ఎండాకాలంలో కూడా ఫ్యాను కిందికి వచ్చేది కాదు. "నీ నక్షాలు ఎగిరిపోతాయని కాదు, నాకు వణుకు" అనేది. ఆ పీపా మూత తీసిన క్షణం నుంచీ నాకు నిద్ర పట్టలేదు.

ఆయమ్మ గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో ఆడించింది. చివరి మంచుబిళ్ల కరిగేదాకా ఇద్దరం ఊపిరి బిగపట్టాం. మర్నాడు ఫోన్ చేసి, "పట్టుకున్నాయి అంకుల్" అంది. గిన్నె అడుగును పట్టుకున్నాయని. గిన్నెలో ఒక మూల, పలచగా. కొన్నాళ్లు మేత పెట్టి, వాటిని నాడీకణాలు చేశారు. పెరగడం ఆగింది. బదులుగా చేతులు చాచడం మొదలుపెట్టాయి. సన్నని పోగులు, నేను ఎంత గట్టి పెన్సిల్ చెక్కినా గీయలేనంత సన్నం.

వాటిని రెండు గిన్నెల్లో వేశారు. ఒక గిన్నెలో అమ్మవి మాత్రమే. రెండో గిన్నెలో ముందు నా కణాలు పరిచారు. నావాటిని నాడీకణాలు చెయ్యలేదు. నాడీకణాల పక్కనే ఉండి తిండి అందించే, చెత్త తీసే కణాలుగా మార్చారు. మెదడులో నరాలకు అలాంటి తోడు ఉంటుందట. ఒంటరిగా వేసినవి ముందే వాడిపోయాయి. పోగులు ముత్యాల్లా ఉబ్బి తెగిపోయాయి. చూడొద్దంది ఆయమ్మ. చూశాను.

రెండో గిన్నెలోవి ఇంకా నిలబడి ఉన్నాయి.

"జబ్బు పోయిందా?"

"లేదు అంకుల్. ఎన్నాళ్లుంటాయో కూడా చెప్పలేను. కానీ ఒంటరివాటికంటే బాగున్నాయి. ఇది మాకు చాలా పెద్ద సంగతి."

కన్ను ఆనించాను. కింద నావి, చదునుగా, మొద్దుగా, నేల పరిచినట్టు. వాటి మీదుగా ఆమె చేతులు. చివరి నెలల్లో నాకు చేతనైన పని అదొక్కటే. మూతి తుడవడం, దిండు సర్దడం, పక్కన కూర్చోవడం. అక్కడా అదే చేస్తున్నాను.

"ఇదేం ప్రేమా గీమా కాదు, ఉత్త రసాయనాలు" అంది ఆయమ్మ, నా మొహం చూసి.

"మా ఇంట్లో రెంటికీ పెద్ద తేడా ఉండేది కాదులే" అన్నాను.

ఈసారి గిన్నెతో ఏమీ చెప్పలేదు. వచ్చే సోమవారం రానని ఆయమ్మకు చెప్పాను. ఆశ్చర్యపోయింది.

నీ క్వార్టరులో ఇంకో మంచం పడుతుందా? పట్టకపోతే చాప చాలు. నువ్వు నడిపే బండికే టికెట్టు తీసుకుంటాను, మెల్లగా నడుపు. ఇన్నాళ్లూ రమ్మంటే అమ్మను వదిలి ఎలా రానని సాకు చెప్పాను. ఇప్పుడా సాకు లేదు. ఆమె దగ్గర నేను ఉన్నానుగా.

వస్తున్నాను.

నాన్న