అక్కకు తెలిసిన కోపం

అక్కా,

ఈ ఉత్తరం అందగానే సత్తుపల్లి బస్సెక్కి రా.

మొన్న ముత్యాలమ్మ జాతరలో పూనకంతో ఊగుతూ మా అత్తమ్మను "వరికోతల దాకా నువ్వుండవే ముసలీ" అన్నాను. అమ్మవారి మాట తప్పదని ఆమె మెతుకు ముట్టడం లేదు.

అమ్మవారు పలకలేదక్కా. ఆ డప్పుల హోరులో, ఇన్నేళ్లుగా నేను మింగిన కోపమే నోరు తెరిచింది. ఆమె కాళ్లు పట్టుకుని అదే చెప్పాను. నా తల నిమిరి, "నీ నోట్ల గసొంటి మాట ఏడుంటది బిడ్డా? అమ్మోరే అన్నది" అంది.

చిన్నప్పుడు నీ మీద కోపంతో, నువ్వు పెంచుకున్న కోడిపిల్లను నేను బావిలో పడేస్తుంటే నువ్వొక్కదానివే చూశావు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

వచ్చి ఆ సంగతి మా అత్తమ్మకు చెప్పు.

నీ చెల్లెలు