పలకకు పసరు

పుంగనూరు,
2-12-1946

ప్రియమైన వరమ్మకు నెహెమ్యా రాయునది. ప్రభువు దయ వల్ల నేను క్షేమం. కుప్పంలో నువ్వూ, మీ అమ్మానాయనా, నీ తమ్ముడు సుబ్బయ్యా కుశలమని నమ్ముతాను.

మా అమ్మ సంగతి నువ్వు అడగలేదు కానీ రాస్తున్నాను. తిండి మానేసింది. పోయిన సోమవారం మదనపల్లె ఆసుపత్రికి తీసుకుపోయాను. జబ్బేమీ లేదు, దిగులే అంది డాక్టరమ్మ.

పోయిన ఉత్తరం ఎవరు రాసిచ్చారని అడిగావు. నేనే రాశాను. ఇదీ నేనే. ఇప్పుడు బెల్లం మండీలో రోజువారీ చిట్టా కూడా నా చేతిదే. అక్షరాలు ఎవరు నేర్పారో చెప్పాలంటే మన బిడ్డ పోయిన దినం సంగతి చెప్పాలి. రెండు నెలలుగా దిగమింగుకుని ఉన్నాను.

నేర్పింది మన దయామణే. నువ్వు కూలికి పోయాక దాని పలక మీద దిద్దేవాణ్ణి. "నాయనా, తలకట్టు మళ్ళా మరిస్తివి. చెయ్యి సాపు!" అని చీపురుపుల్ల పట్టుకునేది. తొమ్మిదేళ్ళ పిల్ల దగ్గర చదువుతున్నానంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు, నీకు కూడా.

నేను దిద్ది దిద్ది కొయ్య పలక నలుపంతా పోయింది. ఆ దినం వాన అప్పుడే వెలిసింది. "కుంట గట్టున గుంటగలగరాకు ఉంటాది, కోసుకోని రా. బొగ్గుతో నూరి పూస్తాం" అని పంపింది నేనే. "తెల్లపూలుండేదే కదా నాయనా?" అని అడిగి పరిగెత్తింది. గట్టు మీద జారింది. నీళ్ళలోంచి తీసినప్పుడు పిడికిట్లో ఆ ఆకు ఉండింది. నువ్వు వచ్చేలోగా పిడికిలి విప్పి, ఆకు కుంటలోనే పారేశాను.

"పిల్లను సూస్తాండమంటే కండ్లు యాడ పెట్టుకోనుంటివి అత్తా?" అని నువ్వు అమ్మను అడిగావు. ఆమె ఉండే ఇంట్లో అడుగు పెట్టనని పుట్టింటికి పోయావు. నేను పక్కనే నిలబడి నోరు మెదపలేదు. నేను పంపడం అమ్మ వాకిట్లోంచి విన్నది. ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు.

మదనపల్లె నుంచి వస్తూ బస్సులో "వరమ్మకు రాసేస్తానమ్మా" అన్నాను.

"యాలప్పా? నన్నే అనుకోనీ. ముసిల్దాన్ని, ఇంకెన్నాళ్ళుంటాను? నీ మింద మనసిరిగితే వరమ్మ మళ్ళా రాదు" అంది.

ఈ ఉత్తరం సుబ్బయ్య చదివి వినిపిస్తాడు కదా. మీ అమ్మానాయనల ముందే గట్టిగా చదవమను. నువ్వు రాకూడదనుకుంటే అది నా మీద కోపంతోనే కావాలి. అమ్మ మీద కోపంతో మాత్రం ఆగిపోవద్దు.

ఇట్లు,
దయామణి నాయన
నెహెమ్యా