బాలస్వామి కండలో మిగిలిన చివరి ముక్క గురించి

వనపర్తి,
18-11-2024.

సంచాలకులు గారి సముఖమునకు,
కండరాల జబ్బుల పరిశోధన కేంద్రం.

అయ్యా,

విషయం: గద్వాల చేనేత కార్మికుడు కీ.శే. బాలస్వామి కండర నమూనాలోని చివరి ముక్కను అతని కూతురు రోహిణి జబ్బు నిర్ధారణకు వాడుటకు అనుమతి కోరుట, మరియు అనుమతి లేకుండా నేను చేసిన పనిని తమ దృష్టికి తెచ్చుట.

మన కేంద్రంలో పదకొండేళ్లుగా నమూనాల గది చూసుకుంటున్న కురుమయ్య అను నేను విన్నవించునది ఏమనగా:

1. 2019 జూన్ నెలలో బాలస్వామి మన కేంద్రానికి వచ్చాడు. చేతుల్లో బలం తగ్గి మగ్గం నడపలేకపోతున్నాడు. పరిశోధన నిమిత్తం అతని తొడ నుండి చిన్న కండ తీయడమైనది. సమ్మతి పత్రం చదివి వినిపించినది నేనే. దీనితో తనకేం ఫాయిదా అని అడిగాడు. "నీకు గాకున్నా నీ పిల్లలకు పనికొస్తది" అన్నాను. పత్రంలో ఆ మాట లేదు, నేను సొంతంగా అన్నది. అతను ఒప్పుకున్నాడు. రెండేళ్లకు ఊపిరి అందక చనిపోయాడు.

2. ఆ కండను నాలుగు ముక్కలు చేసి అతిశీతల పెట్టెలో భద్రపరచడమైనది. ఒప్పందం ప్రకారం మూడు ముక్కలు వేరే రాష్ట్రంలోని సహకార సంస్థకు పంపాము. ఫలితం కోసం ఆరు ఉత్తరాలు రాశాను. తమ వ్యాసం అచ్చయ్యేంత వరకు వివరాలు ఇవ్వజాలమని ఒక్క జవాబు వచ్చింది. అది వచ్చి కూడా రెండేళ్లయింది.

3. గత ఏడాది నుండి రోహిణికి అవే లక్షణాలు మొదలైనవి. హైదరాబాదులోని ఒక ప్రభుత్వ దవాఖానలో డాక్టర్ శ్రుతి గారు చూస్తున్నారు. రక్త పరీక్షలో రోహిణి జన్యువులో ఒక తేడా కనబడిందట. అది జబ్బు తెచ్చేదో, ఊరికే ఉన్నదో తేలాలంటే తండ్రిలో కూడా ఉందా అని చూడాలన్నారు. జబ్బు అదే అయితే మందు ఉంది. ఊపిరి కండరాల దాకా పాకక ముందే మొదలుపెట్టాలి. సహకార సంస్థకు పంపిన మూడూ పరీక్షల్లో ఖర్చయినవి గనుక, తండ్రిది ఈ భూమ్మీద మిగిలింది మన పెట్టెలోని ఆ ముక్క ఒక్కటే.

4. సెప్టెంబరులో రోహిణి, ఆమె తల్లి లలితమ్మ వచ్చి ఆ ముక్క అడిగారు. నమూనాలు సహకార సంస్థలకు మాత్రమే ఇవ్వవలెనని నిబంధన. దవాఖాన సహకార సంస్థ కాదు. కుటుంబమైతే అసలే కాదు. ఈ సంగతి చెప్పగా లలితమ్మ, "మా ఇంటాయన కండ మాకియ్యాల్నంటే, మేం మీకేం గావాలె, అన్నా?" అని అడిగింది.

5. అక్టోబరు 9న, సహకార సంస్థ కోరినందున చివరి ముక్కను కూడా వారం లోపల వారికి పంపవలెనని మెమో వచ్చింది. 14న, నమూనాల కమిటీ అనుమతి లేనిదే ఏ నమూనానూ కదపరాదని ఇంకొక మెమో వచ్చింది. రెండింటి మీదా తమ సంతకమే ఉన్నది. కమిటీ మార్చి తరువాత కూర్చోలేదు. ముగ్గురు సభ్యుల్లో ఇద్దరు బదిలీ అయినారు. ఏం చేయాలని ఆఫీసులో అడిగితే వనజ మేడం, "మీరేం జెయ్యకుండ్రి సార్, గదే మంచిది" అన్నారు.

నెల రోజులు ఏమీ చేయలేదు. రోజూ పొద్దున పెట్టె ఉష్ణోగ్రత రాసుకొని, తలుపు వేసి, కుర్చీలో కూర్చున్నాను. ఆ నెలలోనే రోహిణి ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తిపట్టుకొని అన్నం తినే స్థితికి వచ్చింది.

6. ఈ నెల 12న ఉదయం ఆ ముక్కను పొడి మంచు నింపిన డబ్బాలో పెట్టుకొని నేనే హైదరాబాదు బస్సు ఎక్కాను. రిజిస్టరులో నా పేరుతోనే రాశాను, దాచలేదు. దిగేదాకా డబ్బా ఒళ్లోనే ఉంది. దవాఖానలో డాక్టర్ శ్రుతి గారు తీసుకోబోయారు గాని, పరీక్షగది వారు అడ్డు చెప్పారు. పంపిన సంస్థ అధికారి సంతకం లేని బదిలీ పత్రం చెల్లదట. 22వ తేదీ వరకు తమ పెట్టెలో ఉంచుతామని, ఆ తరువాత బాధ్యత లేదని అన్నారు. పోనీ తిరిగి తెద్దామంటే, కదపరాదన్న మెమో దానికీ వర్తిస్తుంది. అక్కడ మూత తీయరు, ఇక్కడికి తేరాదు. అయ్యా, ఆరు రోజులుగా నా పరిస్థితి కూడా అంతే. పెట్టెలో నన్నే పెట్టి తాళం వేసినట్టున్నది.

7. పరీక్షకు ఆవగింజంత చాలునట. మిగిలినది సహకార సంస్థకు పంపుకొనవచ్చును. ఎవరికీ లోటు లేదు.

కావున జతపరచిన బదిలీ పత్రం మీద తమ సంతకం కోరుచున్నాను. నాపై చర్య తీసుకోదలచిన తీసుకొనవచ్చును. సంజాయిషీ అడిగితే పై ఆరవ అంశమే నా సంజాయిషీ. ముందు మాత్రం ఆ సంతకం చేయగలరు.

ఇన్ని సంగతులూ చిత్తగించి, 22వ తేదీ దాటకముందే దయచూపవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
కురుమయ్య,
నమూనాల గది.

జతపరచినవి: బదిలీ పత్రం, రెండు మెమోల నకళ్లు, కుటుంబ సమ్మతి పత్రం.

మరొక మనవి: కుటుంబ సమ్మతి పత్రం మీద రోహిణి సంతకం లేదు, వేలిముద్ర ఉన్నది. చదువుకున్న మనిషి వేలిముద్ర వేయరాదని ఆఫీసులో ఆక్షేపించవచ్చును. ఆమె ఎం.కాం. చదివింది. ఇందాక మన వరండాలో నా ఎదుటే మూడుసార్లు పెన్ను పట్టింది. మూడుసార్లూ జారిపోయింది. చివరకు లలితమ్మ బిడ్డ బొటనవేలు పట్టుకొని సిరాలో అద్ది, కాగితం మీద ఒత్తింది. "సార్, ముద్ర సక్కగ పడ్డదా?" అని రోహిణి అడిగింది. ఒక పక్క కొంచెం అలుక్కుపోయింది. పడ్డది బిడ్డా అని చెప్పిన. జర తమరు గూడ పడ్డదనే అనుండ్రి సార్.