గొంతుదాకా పెట్రోలు

బావమరిదికి,

ఫోనులో చెప్పడానికి నోరు రాక ఇలా రాస్తున్నాను. మన పాత కారు బాగైంది. మీటరు పక్కన వెలిగే పసుపు దీపం ఆరిపోయింది, పొగ పరీక్ష కూడా పాసైంది.

నువ్వు తిరిగి తెచ్చిన రోజే ఆ దీపం వెలగడంతో, అడిగి తీసుకెళ్ళిన కారు పాడుచేసి తెచ్చావని మీ అక్క ముందే నిన్ను దులిపేశాను. నువ్వు తాళాలు బల్ల మీద పెట్టి, భోజనం చేయకుండానే వెళ్ళిపోయావు.

మెకానిక్ సెన్సార్లు మార్చినా ఫలితం లేకపోయింది. చివరికి వెనక చక్రం దగ్గరున్న బొగ్గు డబ్బా విప్పాడు. ట్యాంకులోని పెట్రోలు ఆవిరి బయటికి పోకుండా పీల్చుకునే డబ్బా అది. వంచితే పెట్రోలు కారింది. "ట్యాంకు నిండి పంపు ఆగాక కూడా పోయిస్తారా సార్? ఎక్కువైంది ఇందులోకే వస్తుంది" అన్నాడు.

నా సంగతి నీకు తెలుసుగా. "ఇంకాస్త పొయ్యవయ్యా" అంటూ గొంతుదాకా నింపిస్తాను. పక్క సీట్లోంచి "ఇక చాలు బావా" అని నువ్వు మొత్తుకుంటూనే ఉండేవాడివి.

మీ అక్కకు సెన్సారే పోయిందని చెప్పాను. ఆదివారం భోజనానికి రా. ఆమె ముందే తిట్టాను కాబట్టి, తప్పు నాదని ఆమె ముందే ఒప్పుకుంటాను. ఆమె నన్ను తిట్టడం అందుకుంటే, "ఇక చాలక్కా" అనడానికి నువ్వు పక్కన ఉండాలి.

వెంటనే మాత్రం అనకు.

మీ బావ