లిఫ్టు లేని హోటల్

దుబాయ్,
12 మే 2024

చిన్నప్పుడు నాకు జడలేసి బడికి పంపిన గంగాభవాని అక్కకు, కృష్ణవేణి రాయునది.

నేను క్షేమంగా లేను. నువ్వు క్షేమంగానే ఉంటావు, నీకేం.

ఫోన్ చేస్తుంటే కట్ చేస్తున్నావు. అందుకే మా డ్రైవర్ ఫైజల్ భాయ్ షార్జాలో నువ్వు పనిచేసే ఇంటికి తెచ్చే బిర్యానీ డబ్బా సంచిలో ఈ ఉత్తరం పెడుతున్నాను. జూలై ఎనిమిదిన కాకినాడలో నా చిన్నికి చెవి ఆపరేషనని నీకు తెలుసు. మూడేళ్ళుగా నేను నా కూతుర్ని చూడలేదనీ తెలుసు. సెలవిస్తానని మా షహజాదీ మేడమ్ మాటిచ్చిందనీ తెలుసు. ఇన్ని తెలిసి, ఆవిడ దగ్గరికొచ్చి "ఆపరేషన్ వాయిదా పడింది, కృష్ణవేణినే ప్రాగ్ తీసుకెళ్ళండి" అని చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? మీ మేడమ్, మా మేడమ్ అక్కచెల్లెళ్ళు. రెండు కుటుంబాలూ కలిసి యూరప్ వెళ్తున్నాయి. పిల్లల్ని చూసుకోవడానికి మనిద్దరిలో ఒకరు వెళ్ళాలి, రెండోవాళ్ళకి సెలవు. ఆ సెలవు నువ్వు కొట్టేశావు, నీ కొత్తింటి గృహప్రవేశానికి! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వాయిదా ఏమీ పడలేదని నేను మొత్తుకుంటే మేడమ్ "తుమ్హారీ బహన్ ఝూట్ బోలేగీ క్యా?" అంది. అక్క అబద్ధమాడుతుందా అని! ఏం చెప్పను?

మూడు వారాలుగా మేడమ్ ల్యాప్‌టాప్ ముందేసుకుని హోటల్ వెతుకుతోంది. ఒకదాంట్లో నది కనిపిస్తుంది, స్నానాలగది ఇరుకు. ఇంకోదాంట్లో టిఫిన్ బాగుంటుంది, కర్టెన్ల రంగు బాగోదు. ఈవిడ హోటల్ తేల్చేసరికి ఈవిడ కవల పిల్లలకి పెళ్ళిళ్ళవుతాయి. హోటల్ బుక్ చేసిన కాగితం లేనిదే వీసాకి తీసుకోరట. అంతవరకూ అందరి పాస్‌పోర్టులూ మేడమ్ అల్మారాలోనే, నాదీ అక్కడే.

నిన్న ఇక విసుగొచ్చి ఒక హోటల్‌ని నేనే వేలుపెట్టి చూపించాను. మూడొందల ఏళ్ళనాటి ఇల్లు. గులాబీరంగు గోడలు, కిటికీలకి పూలకుండీలు. గదులు నాలుగో అంతస్తులో, లిఫ్టు లేదు, అన్నీ మెలికలు తిరిగిన చెక్కమెట్లు. మేడమ్ మురిసిపోయింది. "కవలల తోపుడు బండి ఎవరు మోస్తారు?" అని మాత్రం అడిగింది. "పనిమనిషి ఉంటుంది కదా మేడమ్" అన్నాను. అక్కడికక్కడే బుక్ చేసింది.

నువ్వు గెలిచావు. వెళ్ళి పాలు పొంగించుకో.

చెల్లెలని రాయబుద్ధి కావడం లేదు,
కృష్ణవేణి

రామచంద్రపురం,
2 సెప్టెంబరు 2024

ప్రాగ్ చూసొచ్చిన భవానక్కకు,

మోకాళ్ళు ఎలా ఉన్నాయి? నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "దొంగమొకందానా, నాలుగంతస్తులే! కవలల బండి బుజానేసుకుని రోజుకి ఆరుసార్లు ఎక్కి దిగేనే!" అని ఏడ్చావు. రెండుసార్లు విన్నాను.

ఆ హోటల్ కాగితంతోనే అక్కా, మూడేళ్ళ తర్వాత నా పాస్‌పోర్టు అల్మారాలోంచి బయటికొచ్చింది. వీసా ఆఫీసుకెళ్ళి వేలిముద్రలు నేనే వేయాలి, వీసా పడ్డాక సంతకం పెట్టి నేనే తీసుకోవాలి. జూన్ ఇరవైన అది చేతికి రాగానే, బయట కారులో ఉన్న ఫైజల్ భాయ్‌కి మేడమ్ కోసం రాసిన చీటీ ఇచ్చాను. రెండేళ్ళకోసారి సెలవని ఒప్పందంలో ఉంది, నా సెలవు నేను తీసుకుంటున్నానని. అతను ఒక్క క్షణం ఆలోచించి "యల్లా, జావ్ బహన్", ఊఁ, వెళ్ళు చెల్లీ అని మొహం తిప్పుకున్నాడు. ముందే కొనిపెట్టుకున్న టికెట్టుతో ఎయిర్‌పోర్టుకి మెట్రో ఎక్కాను.

నేను వెళ్ళనని హోటల్ చూపించిననాడే నాకు తెలుసు. నేను లేకపోతే నీ సెలవు ఆపి, హడావిడిగా వీసా తీయించి నిన్నే లాక్కెళ్తారనీ తెలుసు. పక్కనే లిఫ్టున్న హోటల్ కూడా కనిపించింది. అది చూసి కూడా దీన్నే చూపించాను. పాపమే కావచ్చు. క్షమించమని మాత్రం అడగను.

ఆపరేషన్ గది తలుపు దాకా చిన్ని నా కొంగు వదల్లేదు. ఆ కొంగు దానికి దక్కకుండా చేయబోయావు నువ్వు.

కట్టు విప్పి నెల దాటింది. దానికిప్పుడు గుసగుసలు కూడా వినిపిస్తున్నాయి. నిన్న పొయ్యి దగ్గర నాలో నేను గొణుక్కుంటుంటే వీధిలోంచి పరిగెత్తుకొచ్చి "అమ్మా, పెద్దమ్మనెందుకు తిడతన్నావ్?" అంది. అందుకే నోటితో తిట్టడం మానేసి కాగితం మీద తిడుతున్నాను.

ఎంతయినా నీ చెల్లెలు,
కృష్ణవేణి