నా వాక్యానికి నాలుగు మార్కులు

ఏప్రిల్ 9

పేపర్లు దిద్దే క్యాంపు మొదలైంది. మనిషికి రోజుకి నలభై. పేరున్న ముక్క చించేసి, కోడ్ నంబరు వేసి ఇస్తారు. ఎవరి పేపరో దిద్దేవాళ్లకి తెలియదు. నాకు దొరికిన కుర్చీకి ఒక కాలు పొట్టి.

తొమ్మిదో ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. ప్రపంచీకరణ అంటే ఏమిటో మీ సొంత మాటల్లో రాయండి. నాలుగు మార్కులు. పన్నెండేళ్ల కిందట సోషల్ పుస్తకం కమిటీలో కూర్చుని ఆ పాఠం రాసింది నేనే. వస్తువులు, సేవలు, మనుషులు దేశాల హద్దులు దాటి స్వేచ్ఛగా తిరగడమే ప్రపంచీకరణ. ఇవాళ నలభై మందిలో ముప్పై ఎనిమిది మంది సొంత మాటలు, పొల్లు పోకుండా నావే. కాస్త గర్వపడ్డానని ఒప్పుకుంటున్నాను.

ఏప్రిల్ 10

ఇంట్లో చెప్తే మా ఆయన తన నిర్వచనం చెప్పాడు. ఆయనది వాషింగ్ మెషీన్లు బాగుచేసే పని. మెషీను ఒక దేశంలో, మోటారు ఇంకో దేశంలో పుట్టి, తిట్లు మాత్రం తన ముఖాన పడటమే ప్రపంచీకరణట. అత్తగారేమో, ఎక్కడివాళ్లో కూడా తెలియని వాళ్ల డబ్బింగ్ సీరియల్ చూసి తను ఇక్కడ ఏడవడం అంది. జవాబుల కీ ప్రకారం ఇద్దరికీ సున్నా.

ఏప్రిల్ 11

ఇవాళ పద్దెనిమిదో పేపరు.

రాసింది అమ్మాయో అబ్బాయో తెలియదు. తప్పు పడిన మాటని అందరిలా కొట్టేయకుండా, చుట్టూ చిన్న గడి గీసి, పైన సరైనది రాసే అలవాటు. పేపరంతా గడులే.

తొమ్మిదో జవాబులో వాళ్లమ్మ గురించి రాసి ఉంది. అమ్మ చలికోట్లకి జిప్పులు కుడుతుంది. అవి ఇరవై దేశాలకి వెళ్తాయి. అవతల పని దొరుకుతుందని అన్నయ్య అదే చలికోట్ల లారీలో సరిహద్దు దాకా వెళ్లాడు. చెక్‌పోస్టులో లారీని వదిలారు, అన్నయ్యని దింపేశారు. కాబట్టి వస్తువులు తిరుగుతాయి. సేవలు కూడా తిరుగుతాయి, ఎందుకంటే అమ్మని తొందరపెట్టి ఫోన్లు చేసే ఆఫీసు వేరే దేశంలో ఉంది. మనుషులు స్వేచ్ఛగా తిరుగుతారని పుస్తకంలో ఉంది, అది తప్పు.

నిజంగానే తప్పు. అది ఎలా పడిందో నాకొక్కదానికే తెలుసు. వస్తువులు, సేవలు అని రెండే పెడితే వాక్యం బోసిగా ఉంది. పైకి చదివితే ఊపు రాలేదు. మూడో మాట కావాలని మనుషుల్ని తెచ్చి పెట్టాను. వినసొంపుగా ఉందని కమిటీ అంతా మెచ్చుకుంది.

కీలో వస్తువులకి ఒకటి, సేవలకి ఒకటి, మనుషులకి ఒకటి, ఉదాహరణకి ఒకటి. మనుషుల్ని కాదన్నారు కాబట్టి మూడే పడాలి. అలా వేస్తే మొత్తం ముప్పై నాలుగు. పాసుకి ముప్పై అయిదు.

ఆ ఒక్కటీ వేసేశాను.

ఏప్రిల్ 12

ఛీఫ్ సారు ప్రతి కట్టలోంచి నాలుగు పేపర్లు లాగి చూస్తాడు. అదే లాగాడు. ఆకుపచ్చ ఇంకుతో నా మార్కు కొట్టేశాడు.

వెళ్లి ఆ వాక్యం రాసింది నేనే సారూ, అది తప్పు అన్నాను. కళ్లజోడు తీసి, అయితే మీకే బాగా తెలిసుండాలి కదమ్మా అన్నాడు. వెటకారం కాదు, మనిషి మంచివాడే. కీ సీలు వేసి వచ్చింది, ఈ ఒక్కరి కోసం మారిస్తే అందరికీ మార్చాలి, మనుషులని రాసిన వేలమందికీ ఒక్కో మార్కు కొయ్యమంటారా అని అడిగాడు. పేపరు తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చాను.

మిగతా జవాబులన్నీ మళ్లీ గాలించాను, ఎక్కడైనా ఒక్క మార్కు దొరక్కపోతుందా అని. నదుల పేర్లు తప్పు. పర్వతాలు తప్పు. మ్యాపులో సరిహద్దులు మాత్రం చక్కగా గీసి ఉన్నాయి. వాటికి నిన్ననే పూర్తి మార్కులు వేశాను.

ఏప్రిల్ 13

కీ తయారుచేసిన ఆఫీసుకి ఫోన్ చేశాను. పుస్తకంలో ఉన్నదే కీలో పెట్టామన్నారు. పుస్తకాల ఆఫీసుకి చేశాను. కీలో కూడా అలాగే ఉందిగా మేడమ్, ఇక తప్పెలా అవుతుంది అన్నారు. సవరణలు నాలుగేళ్ల తర్వాతట. ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు. గట్టిగా అరవడానికి కూడా సందివ్వలేదు.

ఏప్రిల్ 14

కట్ట కట్టి, లక్క వేసి, పంపించేశారు.

మే 22

ఫలితాలు వచ్చాయి. మళ్లీ దిద్దించుకోవాలంటే పిల్లలే అర్జీ పెట్టుకోవాలి. నా దగ్గర కోడ్ నంబరుంది. దానితో ఏ ఇంటి తలుపు కొట్టను?

పార్టు దొరకని మెషీను పక్కన ఎన్నాళ్లు కూర్చుంటావు, లే అన్నాడు మా ఆయన. ముందు కోపమొచ్చింది. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

జూన్ 3

సప్లిమెంటరీ పేపర్లు దిద్దడానికి నా అంతట నేనే పేరిచ్చాను. సెలవుల్లో బతిమాలినా ఎవరూ రారు. ఛీఫ్ సారు ఆశ్చర్యపోయి టీ తెప్పించాడు. ఈసారి సోషల్‌కి ముగ్గురమే, కట్టలన్నీ విప్పి మిగతా ఇద్దరికీ పంచేది నేనే. గడులు గీసే చేతిని గుర్తుపట్టగలను. పట్టాక ఏం చేస్తానో తెలియదు. మళ్లీ అమ్మ గురించే రాస్తే ఈసారి ఎవరేమన్నా సరే వెనక్కి తగ్గకూడదు.

జూన్ 16, మధ్యాహ్నం 3

దొరికింది. ప్రశ్న మళ్లీ అదే.

జవాబులో అమ్మ లేదు. అన్నయ్య లేడు. లారీ లేదు. నా వాక్యం ఉంది, కింద పుస్తకంలోని ఉదాహరణ ఉంది.

వాక్యంలో మనుషులు అన్న మాట చుట్టూ చిన్న గడి గీసి ఉంది. దాని పైన, సరైన మాట రాసే చోట, మళ్లీ మనుషులు అనే రాసి ఉంది.

నాలుగుకి నాలుగు వేశాను.